వావ్ క్లాసిక్: 9వ లెవెల్ కొత్త మేజ్‌ని, టాలెంట్ పాయింట్లు ఎక్కడ పెట్టాలి?

గ్నోమ్_పిల్ల:

అందరికీ నమస్తే. ఇన్నాళ్ళూ ఫోన్‌లో షూటింగ్ గేములు తప్ప ఇంకేవీ ఆడలేదు. మా అన్నయ్య పోరు పడలేక వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ (వావ్) మొదలుపెట్టాను. తను వారియర్, తన ఫ్రెండ్ ఒకతను ప్రీస్ట్. "నువ్వు మేజ్ తీసుకో, ఎప్పుడంటే అప్పుడు నీళ్ళూ రొట్టెలూ చేసిస్తావు" అన్నాడు, సరే అని గ్నోమ్ జాతి మేజ్, అంటే మంత్రాలు (స్పెల్స్) వేసే క్యారెక్టర్, తీసుకున్నా. డన్ మొరో ప్రాంతంలో తిరుగుతున్నా, 9వ లెవెల్.

రేపో ఎల్లుండో 10 వస్తుంది, అప్పట్నుంచి లెవెల్‌కో టాలెంట్ పాయింట్ (నైపుణ్యం పెంచుకునే పాయింట్) ఇస్తారట. ఆర్కేన్ (మాయ), ఫైర్ (నిప్పు), ఫ్రాస్ట్ (మంచు) అని మూడు నైపుణ్యాల చెట్లున్నాయి, దేంట్లో పెట్టాలి? ఫైర్‌బాల్ గట్టిగా తగులుతోంది కదా, అలాంటప్పుడు అందరూ ఫ్రాస్ట్ ఫ్రాస్ట్ అని ఎందుకంటారో అర్థం కావట్లేదు. అన్నయ్యని అడిగితే "ఏదోటి పెట్టు, తర్వాత మార్చుకోవచ్చు" అంటాడు, ఆయనకేం, ఇనుప చొక్కా తొడుక్కుని తిరుగుతాడు. నాకు తోడేళ్ళు రెండు కలిసి వచ్చాయంటే చచ్చి, శ్మశానం నుంచి మళ్ళీ పరుగే.

ఇంకోటి, రెండు మూడు ఫైట్లకే మానా (స్పెల్స్ వేసే శక్తి) అయిపోతోంది, కూర్చుని నీళ్ళు తాగడానికే సగం టైమ్ పోతోంది. ఇది నా ఆట తీరువల్లా, లేక మేజ్ బతుకే ఇంతా? వివరంగా చెప్పండి ప్లీజ్, షార్ట్ కట్ పేర్లు వాడితే నాకు తెలీదు.

చలికాలం60:

ముందు ఒక సంగతి, వారియర్‌కి అసలు మానాయే లేదు, మీ అన్నయ్యకి నీళ్ళెందుకండీ? ఆయన చూపు రొట్టెల మీదా, ముందు ముందు మీరు తెరిచే పోర్టల్స్ (దూరపు ఊళ్ళకి దూకే ద్వారాలు) మీదా ఉంది. నీళ్ళు ఆ ప్రీస్ట్ కోసం. 40వ లెవెల్‌లో పోర్టల్స్ వచ్చాక వాళ్ళిద్దరికీ మీరు ఉచిత టాక్సీ, ఇప్పట్నుంచే రేటు మాట్లాడి పెట్టుకోండి.

ఇక అసలు విషయం. ఫ్రాస్ట్. కళ్ళు మూసుకుని పెట్టేయండి, ఎందుకో చెప్తాను.

ఫైర్‌బాల్ ఒక్కో దెబ్బకి ఎక్కువ కొడుతుంది, నిజమే. కానీ పెద్ద ర్యాంకుల్లో అది పడటానికి మూడున్నర సెకన్లు పడుతుంది, ఫ్రాస్ట్‌బోల్ట్‌కి మూడు. దానికంటే ముఖ్యం, మీరు స్పెల్ వేస్తుండగా శత్రువు ఒక్క దెబ్బ వేసినా ఆ కాస్టింగ్ వెనక్కి జరుగుతుంది, ఇంకో దెబ్బ వేస్తే ఇంకా వెనక్కి. అంటే శత్రువు మీ దగ్గరకు చేరాక మీ డ్యామేజ్ కాగితం మీదున్నంత ఉండదు. ఫ్రాస్ట్‌బోల్ట్ తగిలిన జంతువు నడక వేగం 40 శాతం పడిపోతుంది, అది నింపాదిగా ఈడ్చుకుంటూ వచ్చేలోపు మీరు ఇంకో రెండు వేస్తారు. మనం వేసుకునేది గుడ్డ, కవచం కాదు, కాబట్టి మేజ్‌కి ఆరోగ్యం అంటే దూరమే.

10కి ఫ్రాస్ట్ నోవా వస్తుంది, స్పెల్స్ నేర్పే ట్రైనర్ దగ్గర వెంటనే కొనండి. ఒక ఫైట్ ఎలా నడవాలో చెప్తా. 30 గజాల దూరం నుంచి ఫ్రాస్ట్‌బోల్ట్, ఇంకోటి, ఇంకోటి. అది మీ మీదకు వచ్చేసిందా, ఒక్క క్షణం ఆగి నోవా. కాళ్ళు నేలకి అతుక్కుపోతాయి, 8 సెకన్ల దాకా కదలదు, కానీ దెబ్బ తగిలితే ముందే విడిపోవచ్చు. అప్పుడు మీరు వెనక్కి తిరిగి పరిగెత్తండి, ఎస్ కీ నొక్కుతూ వెనకడుగులు వేయకండి, వెనకడుగు నడక చాలా నెమ్మది. నాలుగు అడుగులు దూరం జరిగి మళ్ళీ తిరిగి ఫ్రాస్ట్‌బోల్ట్. చివర్లో కొంచెం ప్రాణం మిగిలితే ఫైర్ బ్లాస్ట్, అది వెంటనే పడుతుంది, కాస్టింగ్ ఉండదు.

నోవా విషయంలో ఒక జాగ్రత్త. అది మీ చుట్టూ 10 గజాల్లో ఉన్న అందరికీ తగులుతుంది. పక్కన తన మానాన తాను గడ్డి మేస్తున్న అడవిపందికి కూడా తగులుతుంది, అప్పుడు దానికీ కోపం వస్తుంది. నొక్కే ముందు ఒకసారి చుట్టూ చూడండి.

పాయింట్ల వరుస: 10 నుంచి 14 దాకా ఐదూ ఇంప్రూవ్డ్ ఫ్రాస్ట్‌బోల్ట్‌లో. ఒక్కో పాయింట్‌కి కాస్టింగ్ 0.1 సెకను తగ్గుతుంది, మొత్తం అర సెకను. 15 నుంచి 17 ఫ్రాస్ట్‌బైట్, అంటే మీ చలి దెబ్బలకి శత్రువు అప్పుడప్పుడూ దానంతట అదే గడ్డకట్టుకుపోతుంది. 18, 19 ఇంప్రూవ్డ్ ఫ్రాస్ట్ నోవా. 20 నుంచి 24 ఐస్ షార్డ్స్. 25 నుంచి 29 షాటర్. ఇక్కడ ఆట మారిపోతుంది చూడండి, గడ్డకట్టిన శత్రువు మీద క్రిట్ (మామూలు కంటే గట్టి దెబ్బ) పడే అవకాశం 50 శాతం పెరుగుతుంది, ఐస్ షార్డ్స్ వల్ల ఆ క్రిట్ మామూలు దెబ్బకి రెట్టింపు. నోవా, ఫ్రాస్ట్‌బోల్ట్, వెంటనే కోన్ ఆఫ్ కోల్డ్ (ఎదురుగా చలి విసిరే స్పెల్), చాలా సార్లు అక్కడితో అయిపోతుంది. 30కి ఐస్ బ్లాక్, 31 నుంచి 33 పియర్సింగ్ ఐస్, 34 నుంచి 36 ఫ్రాస్ట్ చానెలింగ్ పెడితే మానా ఖర్చు 15 శాతం తగ్గుతుంది, 37 కోల్డ్ స్నాప్, 38, 39 ఎలిమెంటల్ ప్రెసిషన్, 40కి ఐస్ బ్యారియర్ (మీ చుట్టూ మంచు కవచం). ఆ తర్వాత మిగిలిన 20 పాయింట్ల సంగతి అప్పుడు చూసుకుందాం, ఇప్పుడే తల పాడుచేసుకోవద్దు.

నిప్పురవ్వ:

ప్రతి థ్రెడ్‌లో ఇదే పాట. ఫ్రాస్ట్ మంచిది కాదు అనను, కానీ ఈవిడ ఒంటరిగా ఆడట్లేదుగా? ముందు నిలబడి తన్నులు తినడానికి అన్నయ్య ఉన్నాడు, అతికించడానికి ప్రీస్ట్ ఉన్నాడు. మేజ్ దాకా శత్రువు వచ్చేదే లేనప్పుడు దాన్ని నెమ్మదించి ఏం చేస్తారు? ఫైర్ పెట్టుకుని హాయిగా కాల్చుకోవచ్చు.

ఇంప్రూవ్డ్ ఫైర్‌బాల్ ఐదు, ఇగ్నైట్ ఐదు, 20కి పైరోబ్లాస్ట్. ఇగ్నైట్ అంటే మీ నిప్పు స్పెల్ క్రిట్ అయినప్పుడు ఆ దెబ్బలో 40 శాతం మళ్ళీ నాలుగు సెకన్ల పాటు మంటలా తగులుతూ ఉంటుంది. పైరోబ్లాస్ట్ పడటానికి ఆరు సెకన్లు, అందుకే ఫైట్ మొదలుపెట్టడానికే పనికొస్తుంది, కానీ అది తగిలినప్పుడు వచ్చే తృప్తి మీ ఐస్ ముక్కల్లో ఎక్కడుందండీ. గేమ్ ఆడేది సరదాకే.

పైగా వారియర్ పక్కనుంటే మీ నోవా ఆయనకి తలనొప్పి. శత్రువుల్ని వెనక్కి లాక్కెళ్దాం అనుకుంటాడు, మీరు నోవా వేస్తే అవి అక్కడే పాతుకుపోతాయి.

చలికాలం60:

@నిప్పురవ్వ ముగ్గురూ ప్రతిరోజూ ఒకే టైమ్‌కి ఆన్‌లైన్‌కి వస్తే మీరన్నది ఒప్పుకుంటా. వస్తారా? అన్నయ్య ఆఫీసు నుంచి వచ్చేసరికి ఈవిడ ఒక్కతే మూడు క్వెస్టులు చేసేసి ఉంటుంది. అదీకాక 20 లెవెల్ దగ్గర వారియర్ చేతిలో శత్రువుని తన మీదే నిలుపుకునే సాధనాలు తక్కువ, ఫైర్ మేజ్‌కి రెండు క్రిట్లు వరసగా పడితే ఆ శత్రువు అన్నయ్యని వదిలేసి చెల్లి వెంట పడుతుంది. అప్పుడు నోవానే దిక్కు.

నిప్పురవ్వ:

సరే, ఆ క్రిట్ల మాట కరెక్టే. కానీ 60లో గుంపుగా వెళ్ళే నిప్పుల గుహ మాల్టెన్ కోర్‌కి వెళ్ళేదాకా ఫైర్ ఆడనివ్వండి పాపం, అక్కడ ఎలాగూ సగం శత్రువులు నిప్పుతోనే పుట్టారు, మన నిప్పు వాటికి ఎక్కదు.

వాండ్_రాజా:

బిల్డ్ (పాయింట్ల అమరిక) గొడవ మీరు తేల్చుకోండి, నేను మానా గురించి చెప్తా, ఎందుకంటే ఆవిడ అసలు బాధ అది. 20లోపు ఏ చెట్టులో పెట్టారన్నది చేసే తేడా కంటే చేతిలో మంచి వాండ్ (దూరం నుంచి కొట్టే మంత్రదండం) ఉందా లేదా అన్నది చేసే తేడా ఎక్కువ అని నా గట్టి నమ్మకం.

విషయం ఏంటంటే, మీరు మానా ఖర్చుపెట్టి ఒక స్పెల్ వేశాక ఐదు సెకన్ల పాటు స్పిరిట్ (మానాని తిరిగి నింపే గుణం) వల్ల వచ్చే మానా రాదు. ఆ ఐదు సెకన్లు గడిచేలోపు మళ్ళీ స్పెల్ వేస్తే లెక్క మళ్ళీ మొదటికి. అంటే ఆపకుండా స్పెల్స్ వేస్తున్నంతసేపూ మీ మానా పైకి రాదు. వాండ్ కొట్టడానికి మానా అక్కర్లేదు, కాబట్టి శత్రువు ప్రాణం మూడోవంతుకి వచ్చాక స్పెల్స్ ఆపి వాండ్‌తో ముగించారనుకోండి, అది చచ్చేలోపే ఆ ఐదు సెకన్లు దాటిపోతాయి, తర్వాతి దాని దగ్గరికి నడుస్తుంటే మానా నిండుతూ ఉంటుంది. నీళ్ళు తాగే బాధ సగం పోతుంది.

ఆటగాళ్ళు సరుకు అమ్ముకునే ఆక్షన్ హౌస్‌లో లెస్సర్ మ్యాజిక్ వాండ్ అని వెతకండి, ఎన్‌చాంటింగ్ నేర్చుకున్నవాళ్ళు చేసి అమ్ముతారు, 5వ లెవెల్ నుంచే వాడొచ్చు. 13కి గ్రేటర్ మ్యాజిక్ వాండ్. మీరు గ్నోమ్ కాబట్టి ఐరన్‌ఫోర్జ్ నగరం మీ గుమ్మం ముందే, ఇవాళే వెళ్ళి కొనండి. డబ్బుల్లేకపోతే అన్నయ్యని అడగండి, రొట్టెలు ఊరికే వస్తాయా.

ఇంకా, ట్రైనర్ చూపించిన ప్రతిదీ కొనకండి. ఫ్రాస్ట్‌బోల్ట్, నోవా, ఫైర్ బ్లాస్ట్, ఆర్కేన్ ఇంటెలెక్ట్, నీళ్ళు, రొట్టె, పాలిమార్ఫ్ (శత్రువుని గొర్రెగా మార్చేది). ఇవి కొత్త ర్యాంకు వచ్చినప్పుడల్లా కొనండి. ఫైర్ వార్డ్, యాంప్లిఫై మ్యాజిక్ లాంటివి తర్వాత. 40కి వాహనం కొనాలంటే 100 గోల్డ్ దాకా కావాలి, అప్పటికి చేతిలో చిల్లర లేక ఏడ్చే మేజ్‌లు బోలెడంతమంది.

రెస్పెక్ (పాయింట్లు తీసేసి మళ్ళీ పెట్టుకోవడం) గురించి కూడా. "తర్వాత మార్చుకోవచ్చు" నిజమే, మొదటిసారి 1 గోల్డ్, తర్వాత 5, ఆ తర్వాత 10, అలా పెరుగుతూ 50 దాకా పోతుంది. 15వ లెవెల్‌లో ఆ ఒక్క గోల్డ్ కూడా చిన్నదేం కాదు.

గ్నోమ్_పిల్ల:

బాబోయ్, ఇంత వస్తుందనుకోలేదు, చాలా థాంక్స్ అందరికీ. వాండ్ కొనేశాను, అన్నయ్యే ఇచ్చాడు. ఇప్పుడు 11, రెండు పాయింట్లూ ఇంప్రూవ్డ్ ఫ్రాస్ట్‌బోల్ట్‌లో పెట్టా. సారీ నిప్పురవ్వ అన్నా.

మూడు డౌట్లు. ఒకటి, డ్రెస్సుల్లో ఏం చూడాలి? స్టామినా, ఇంటెలెక్ట్, స్పిరిట్ అని ఉంటున్నాయి. రెండు, అప్పుడప్పుడూ స్పెల్ తగిలే చోట రెసిస్ట్ అని పడి డ్యామేజ్ సున్నా వస్తోంది, ఎందుకు? ఎలిమెంటల్ ప్రెసిషన్ దానికే అని చదివాను, మరి దాన్ని 38 దాకా ఎందుకు వాయిదా వేశారు? మూడు, యూట్యూబ్‌లో ఒకాయన ఇరవై మంది శత్రువుల్ని ఒకేసారి పోగేసి మంచు వాన కురిపించి చంపేస్తున్నాడు, అది నాకు ఎప్పుడు వస్తుంది?

బ్లిజార్డ్_బాబాయ్:

మూడోదానికి నేను సమాధానం చెప్పాలి, పేరు చూశారుగా.

అది వేరే బిల్డ్ అమ్మా. దాన్ని ఏఓఈ అంటారు, గుంపుని ఒకేసారి కొట్టడం. బ్లిజార్డ్ స్పెల్ 20కి వస్తుంది, కానీ ఇంప్రూవ్డ్ బ్లిజార్డ్ మూడు పాయింట్లూ పెట్టేదాకా దాన్ని గుంపు మీద వాడటం ఆత్మహత్యే. ఆ మూడూ పెడితే వానలో నడిచేవాళ్ళ వేగం 65 శాతం పడిపోతుంది. దానికి చలి దెబ్బ ఎక్కువసేపు నిలిచే పర్మాఫ్రాస్ట్ కావాలి, దూరం పెంచే ఆర్కిటిక్ రీచ్ కావాలి. ఫ్రాస్ట్‌బైట్ మాత్రం అసలు పెట్టకూడదు, ఎందుకంటే గుంపులో ఒకటి దారిలో గడ్డకట్టి ఆగిపోతే మిగతావి మీ దగ్గరకి వచ్చేస్తాయి, అది వెనకాల మిగిలిపోతుంది, వరస చెదిరిపోతుంది. ఐస్ షార్డ్స్ కూడా దండగ, బ్లిజార్డ్‌కి క్రిట్ పడదు. చలికాలం గారు చెప్పిన బిల్డూ ఇదీ సగం ఒకటికొకటి విరుద్ధం, రెండూ కలిపి పెడితే రెండూ రావు.

ఎవరి మీద చేస్తున్నారన్నది ఇంకో లెక్క. దూరం నుంచి విసిరేవాళ్ళు, స్పెల్స్ వేసేవాళ్ళు ఉన్న గుంపు పనికిరాదు, వాళ్ళు నడిచి రారు, నిలబడి కొడతారు. కత్తులు, గోళ్ళు ఉన్నవే కావాలి. అందుకే పెద్దయ్యాక మేజ్‌లు జుల్‌ఫరాక్ అనే చోట శ్మశానంలో జాంబీల్ని పోగేసుకుంటారు, పాపం వాటికి నడవడం తప్ప తెలీదు. ఆ వీడియోల్లో ఉన్నవాడు ఎక్కువగా 60వ లెవెల్‌వాడే, చిన్న లెవెల్ వాళ్ళని డబ్బులు తీసుకుని స్టాకేడ్స్ అనే జైలు తిప్పేవాళ్ళు కూడా అదే బాపతు. 30 దాటాక ఒక గోల్డ్ పెట్టి మార్చుకుని ప్రయత్నించండి, ఈలోపు ఒక్కోదాన్నే చంపడం శుభ్రంగా నేర్చుకోండి, గుంపు అంటే అదే పని ఎక్కువసార్లు కదా.

చలికాలం60:

మిగతా రెండూ నేను.

డ్రెస్సు: ఇంటెలెక్ట్ ఒకటికి 15 మానా, స్టామినా ఒకటికి 10 ప్రాణం. పేరు చివర "ఆఫ్ ది ఈగిల్" అని ఉంటే ఆ రెండూ ఉంటాయి, "ఆఫ్ ది ఔల్" అంటే ఇంటెలెక్ట్, స్పిరిట్. కొత్తలో ఈగిల్ వైపు మొగ్గండి, చచ్చిపోయినవాళ్ళకి స్పిరిట్ ఎంతుంటే ఏం లాభం. స్ట్రెంత్, అజిలిటీ ఉన్నవి ఎంత ఆకుపచ్చగా మెరుస్తున్నా అమ్మేయండి. ఒక చిట్కా: బోలెడంత స్పిరిట్ ఉన్న కర్ర ఏదైనా దొరికితే అమ్మకుండా సంచిలో ఉంచుకోండి. 20కి ఎవోకేషన్ వస్తుంది, 8 సెకన్లలో మానా నింపుతుంది, అది స్పిరిట్‌ని బట్టే నింపుతుంది. దాన్ని నొక్కే ముందు ఆ కర్ర చేతికి మార్చుకోండి.

రెసిస్ట్: మీ లెవెల్ శత్రువు మీద స్పెల్ పూర్తిగా తప్పిపోయే అవకాశం 4 శాతమే. మీకంటే రెండు లెవెల్స్ పైవాడైతే 6. మూడు పైన ఉంటే ఒక్కసారిగా 17. మీకు రెసిస్ట్ తరచూ కనపడుతోందంటే మీకంటే పెద్దవాళ్ళతో పెట్టుకుంటున్నారన్నమాట. ప్రెసిషన్‌లో పాయింట్లు పెట్టేకన్నా ఒక లెవెల్ తక్కువ శత్రువుల్ని ఎంచుకోవడం చవక, అందుకే దాన్ని చివరికి నెట్టాను. రెయిడ్ (పెద్ద గుంపుగా చేసే దాడి) బాస్‌లు ఎప్పుడూ మూడు లెవెల్స్ పైనే లెక్క కాబట్టి 60లో అదే టాలెంట్ తప్పనిసరి అవుతుంది.

ఒకటే_ప్రాణం:

సర్వర్ మామూలుదా హార్డ్‌కోరా అని ఎవరూ అడగలేదేంటి? హార్డ్‌కోర్ అయితే చస్తే అంతే, క్యారెక్టర్ పోయినట్టే, ఫైర్ గురించి చర్చే అనవసరం. వెస్ట్‌ఫాల్ ప్రాంతంలో డిఫియాస్ పిల్లేజర్లు అనే దొంగలతో జాగ్రత్త, 14, 15 లెవెల్స్ ఉంటారు, దూరం నుంచి నిప్పు విసురుతారు, ఫ్రాస్ట్‌బోల్ట్‌తో నెమ్మదించినా వాళ్ళకేం నష్టం, నడవాల్సిన పనే లేదుగా. ఒక ఇంటి గోడ చాటుకి వెళ్ళండి, కనపడక వాళ్ళే నడిచి వస్తారు. ఇద్దరుంటే ఒకడిని పాలిమార్ఫ్‌తో గొర్రె చేయండి, మొదటి ర్యాంకులో 20 సెకన్లు ఉంటుంది. ఆ గొర్రెని మాత్రం ఎవరూ తాకకూడదు, తాకితే విడిపోతుంది, పైగా గొర్రెగా ఉన్నంతసేపూ వాడి ప్రాణం నిండిపోతూ ఉంటుంది. మీ అన్నయ్యకి ముందే చెప్పండి, వారియర్లకి గొర్రె కనపడితే చెయ్యి ఆగదు.

గ్నోమ్_పిల్ల:

మామూలు సర్వరే అన్నా, హార్డ్‌కోర్ అయితే ఇప్పటికి నా మేజ్‌లు ఊరంతా ఉండేవాళ్ళు.

చివరిగా ఒకటి, నాకు పింగ్ (సర్వర్‌కి వెళ్ళి రావడానికి పట్టే ఆలస్యం) ఎక్కువ, మేం హన్మకొండ నుంచి ఆడుతున్నాం, సర్వర్ ఎక్కడో ఉంది. నోవా నొక్కాక కూడా అర క్షణం శత్రువు కొడుతూనే ఉంటోంది. దీనికేమైనా ఉందా?

వాండ్_రాజా:

మన దేశంలో వావ్ సర్వర్ లేదు కాబట్టి పింగ్ అందరికీ ఉన్నదే, ఏ వైఫై మార్చినా కొంతే తగ్గుతుంది. రెండు పనులు చేయండి. నోవాని శత్రువు మీ మీద పడ్డాక కాదు, పడబోతుండగా నొక్కండి, 10 గజాల్లోకి వస్తే చాలు తగులుతుంది. రెండోది, ఒక ఫ్రాస్ట్‌బోల్ట్ పూర్తయ్యేదాకా ఆగి తర్వాతది నొక్కకండి. మొదటి దాని కాస్టింగ్ గీత చివరికి వస్తుండగానే రెండోది నొక్కేస్తే గేమ్ దాన్ని వరసలో పెట్టుకుంటుంది, మామూలుగా ఆఖరి 400 మిల్లీసెకన్లలో నొక్కినవి అలా తీసుకుంటుంది. పింగ్ ఎంతున్నా మధ్యలో ఖాళీ ఉండదు.

20కి బ్లింక్ వచ్చాక ఇంకో తిప్పలు ఉంటుంది, 20 గజాలు ముందుకు దూకుతుంది కానీ మీరు ఎటు చూస్తుంటే అటే. శత్రువు వైపు చూస్తూ నొక్కితే వాడిని దాటి అవతల గుంపులో తేలతారు. ముందు తిరగండి, తర్వాత నొక్కండి. తిరగడానికి కీబోర్డు వద్దు, మౌస్ కుడి బటన్ పట్టుకుని తిప్పండి.

గ్నోమ్_పిల్ల:

ఇప్పటిదాకా కీబోర్డుతోనే తిరుగుతున్నా. ఇవాళ లాక్ మోడన్ ప్రాంతంలో ట్రాగ్ అనే జీవుల మీద మౌస్‌తో ప్రాక్టీస్ చేస్తా, 20 వచ్చాక మళ్ళీ ఇక్కడికే వస్తాను.

నిప్పురవ్వ:

20కి పైరోబ్లాస్ట్ ఉండేది. ఊరికే చెప్తున్నా.